నేల వంచిన కుర్చీ

కప్పగల్లు,
మార్చి 2007.

అమ్మా షాలినీ,

పెదనాయన దీవెనలు. ముందుగా ఒక మాట. నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది, తప్పులూ ఉంటాయి, మన్నించు. బడిలో నేను చదివింది ఐదో తరగతి, అదీ కన్నడంలో. తెలుగు బైబిలు చూసి కూడబలుక్కున్నదే. ఇంటి సంగతులు రాయాలంటే చెయ్యి వెనకాడుతుంది. ఫోన్ చేయమన్నావు. ఫోన్ పట్టుకుంటే నాకు నోట మాట రాదని నీకు తెలుసు. మీ నాయన చిన్నప్పటి నుంచీ నన్ను ఎగతాళి చేసేది దానికే.

నెలకొకసారి నేల ఏం చేస్తోందో రాయమన్నావు గదా, రాస్తున్నాను.

నువ్వు, నేను, వడ్రంగి నెట్టికంటప్ప కలిసి సమాధుల తోటలో నీ కుర్చీ గూడు పూడ్చి నెల దాటింది. పైన పోసిన మట్టి ఆరింది. తలవైపు నువ్వు తోలు పట్టీలు కట్టిన బండ అట్లనే ఉంది. దిబ్బ మీద వెంట్రుకల్లాంటి బీటలు కనబడుతున్నాయి. ఇది నల్లరేగడి. ఉగాది దాటాక చూడాలి దాని పని. మన గుడి గోడను రెండుగా చీల్చింది ఈ నేలే. మిషన్ బడి కాంపౌండును పడుకోబెట్టింది కూడా ఇదే. ఇన్ని పాడు చేసిన నేల ఒక కుర్చీని చేస్తుందని నువ్వు నమ్మావు. నేను నిన్ను నమ్మాను.

పొద్దున గుడి గంట కొట్టి నేరుగా అక్కడికే పోతాను. తోట తాళం నా దగ్గరే ఉంటుంది గనక ఎందుకు పోతున్నావని ఎవరూ అడగరు. నేనూ ఎవరికీ చెప్పలేదు. సమాధుల మధ్య కుర్చీ చేస్తున్నామంటే సంఘపు పెద్దలు ఒప్పుకోరు. ఎవరికీ చెప్పనని నెట్టికంటప్ప దగ్గర కూడా మాట తీసుకున్నాను.

తోట వెనక జగదీశ్ వాళ్ళ చేను నీకు గుర్తుంది కదా, శనగ ఉండింది. ఇప్పుడు శనగ లేదు. గనుల నుంచి వచ్చే ఇనుప రాయిని అక్కడ కుప్పలు పోయిస్తున్నాడు. చుట్టుపక్కల అందరూ అదే చేస్తున్నారు. పొద్దున మీ పెద్దమ్మ సమాధి తుడిచి వస్తే సాయంత్రానికి మళ్ళీ ఎర్రగా ఉంటుంది. తెల్ల సున్నం వేసిన రాయి. కృపమణి అనే పేరు ఎర్ర దుమ్ములో పూడిపోతుంటే వేలితో గీకి తీస్తున్నాను.

ఒంట్లో బాగుంది. నువ్వు వేళకు తిను.

నీ పెదనాయన,
కృపానిధి


బెంగళూరు,
ఏప్రిల్ 2007.

పెదనాయనకు వందనాలు.

నీ రాతలో తప్పులు వెతికే తీరిక నాకు లేదు. ఉత్తరం మా డిజైన్ కాలేజీ సార్‌కు చదివి వినిపించాను. "ఉగాది దాటాక చూడాలి దాని పని" అన్న చోట మళ్ళీ చదవమన్నారు.

ఆయన మొదట్లో ఒప్పుకోలేదు. "కుర్చీ చేయడమంటే కొలవాలి, కోయాలి, అతకాలి. నువ్వు పూడ్చిపెట్టి వచ్చావు" అన్నారు. నీకు అక్కడ హడావిడిలో సరిగ్గా చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. పచ్చి తుమ్మ బద్దలను కీళ్ళ దగ్గర వదులుగా కట్టి నల్లరేగడిలో వదిలాం. ఎండకు నేల ముడుచుకుని వాటిని లాగుతుంది. వానకు ఉబ్బి తోస్తుంది. ఆ లాగుడుకూ తోపుడుకూ బద్దలు ఎటు వంగి ఆరిపోతే అదే కుర్చీ ఆకారం. ఒక ఎండ, ఒక వాన. మనం ఒక్క మేకు కూడా కొట్టం. అందుకే నువ్వు తాకకూడదు, తవ్వి చూడకూడదు, నీళ్ళు పోయకూడదు. చూసి రాయి, అంతే.

నిరుడు గాలికి వదిలి చేసిన బెంచీ సంగతి నీకు చెప్పానా? ఆరు నెలలు మిద్దె మీద గాలికి పెట్టాను. మనిషి కూర్చోగానే నడుం విరిగింది. ఆ మనిషి మా ప్రిన్సిపాల్. ఈసారి ఆగస్టు మొదట్లో పరీక్షకు బయటి నుంచి పెద్దవాళ్ళు వస్తారు. వాళ్ళ ముందు కుర్చీ పెట్టాలి, దాని మీద ఒక మనిషి కూర్చుని లేవాలి. ఇదీ పోతే నాకు పట్టా లేదు పెదనాయనా, మిషన్ వాళ్ళిచ్చే చదువు సాయమూ ఆగిపోతుంది. జూలై చివర వచ్చి మనమే జాగ్రత్తగా పైకి తీద్దాం.

ఒకటి అడగాలనుకుంటూ మరిచిపోయాను. నాగలీ ట్రాక్టరూ తగలని నేల కావాలంటే నువ్వు హగరి ఏటి దాకా తిప్పి, చివరికి పెద్దమ్మ పక్కన చూపించావు. ఇక్కడే ఎందుకంటే "ఇక్కడ వేరేవాళ్ళు తవ్వరు" అన్నావు. అంత గట్టిగా ఎట్లా చెప్పావు?

నీ
షాలిని


కప్పగల్లు,
మే 2007.

అమ్మా షాలినీ,

దీవెనలు. నేల పని మొదలుపెట్టింది. దిబ్బ మీద బీటల్లో చెయ్యి పడుతుంది. ఒక బీటలో తొండ కాపురం పెట్టింది, నేను పోతే తల ఊపి లోపలికి పోతుంది. తలవైపు బండ ఎడమకు ఒరిగింది. మధ్యాహ్నం ఎండలో కూర్చుని వింటే లోపల టక్కుమని చప్పుడు. కట్టె వంగుతున్నదో, తోలు బిగుస్తున్నదో నాకు తెలియదు.

ఇక్కడ ఒకటి జరుగుతున్నది. జగదీశ్‌కు లారీలు పోవడానికి దారి కావాలి. కుప్పల నుంచి తారు రోడ్డు ఎక్కాలంటే తన చేనంతా చుట్టి పోవాలి. సమాధుల తోట లోపలి నుంచి అయితే దగ్గర. సమాధులు లేని సగం దారికి ఇస్తామని మన సంఘం సెక్రెటరీ స్టీవెన్ మాట ఇచ్చాడు. బదులుగా గుడికి కొత్త పైకప్పు వేయిస్తారట. స్టీవెన్ హొసపేటలో ఉంటాడు, అక్కడి నుంచే ఫోన్లో మాట ఇచ్చాడు.

పోయిన వారం మనుషులు వచ్చి సున్నంతో గీత గీశారు. నీ కుర్చీ దాకా వచ్చి గీత ఆగిపోయింది. నువ్వు భయపడవద్దు. కుర్చీకి ఏమీ కాలేదు.

ఒకటి అడుగుతాను. కుర్చీ ఇంకొన్ని నెలలు నేలలోనే ఉంటే చెడిపోతుందా? క్రిస్మస్ దాకా? ఊరికే అడిగాను.

నీ పెదనాయన,
కృపానిధి


బెంగళూరు,
మే 2007.

పెదనాయనా,

నువ్వు ఊరికే ఏదీ అడగవు. సున్నం గీత నా కుర్చీ దగ్గర ఎందుకు ఆగింది? వాళ్ళకు ఏం చెప్పావు?

క్రిస్మస్ దాకా కుదరదు. ఒక్క వాన తిన్నాక తీయకపోతే బద్దలు కుళ్ళిపోతాయి, తోలు పురుగు పడుతుంది. అప్పటికి నా పరీక్షా అయిపోతుంది. ఏదో దాస్తున్నావు. మొత్తం రాయి. పొట్టిగా రాయొద్దు.

షాలిని


కప్పగల్లు,
జూన్ 2007.

అమ్మా,

మొత్తం రాయమన్నావు. రాస్తున్నాను. రెండు దినాలు పట్టింది.

గీత గీసే మనిషి దిబ్బ దగ్గర ఆగి, "సార్, ఈడ ఏందో ఉండాది" అని కేక వేశాడు. జగదీశ్ వచ్చాడు. మట్టి దిబ్బనూ తలవైపు బండనూ చూశాడు. చూసి చెప్పులు విడిచాడు.

"ఏమప్పా పెద్దాయనా, ఇది కొత్తదిగా ఉండాదే. ఎవురిది?" అన్నాడు.

చెప్పాలనే అనుకున్నాను. భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. కుర్చీ అంటే నవ్వుతారు. నేల కుర్చీని చేస్తుందంటే ఇంకా నవ్వుతారు. నేను అట్లా తల వంచుకుని నిలబడి ఉండగానే అతను, "బిడప్పా, వదిలెయ్యి, చెప్పొద్దులే. అడిగి బాధ పెట్టినా" అన్నాడు. నాకు మాట రాకపోవడాన్ని దుఃఖం అనుకున్నాడు.

వెనక లారీ డ్రైవర్లు ఉన్నారు. ఒకడు, "సమాధి మీద తోలితే ఆ బండి మళ్ళా ఇల్లు చేరదు సామీ, నేనైతే తోలను" అన్నాడు. మిగతావాళ్ళు కూడా మేమూ తోలం అన్నారు. గీత అక్కడే ఆగిపోయింది.

నీకు ఆ చోటు గుర్తుంది కదా. ఒక పక్క సమాధుల వరస, ఇంకో పక్క నీళ్ళ వంక. మధ్యలో ఒక లారీ పట్టేంత జాగా. దిబ్బ సరిగ్గా అక్కడ ఉంది. అది ఉన్నంతవరకు దారి లేదు. దాన్ని తీసేస్తే లారీ చక్రాలు మీ పెద్దమ్మ పక్కన, చెయ్యి చాపితే అందేంత దూరంలో పోతాయి. వాన పడిన నల్లరేగడిలో లారీలు తిరిగితే ఆ వరస సమాధులన్నీ వంకలోకి ఒరుగుతాయి.

ఆదివారం ఆరాధన అయ్యాక స్టీవెన్ కారులో వచ్చాడు. నన్ను తోటలోకి పిలుచుకుపోయాడు.

"ఎవుర్ని పెట్టినావు మామా ఈడ? మనోళ్ళలో ఎవురూ పోలేదే. గనుల్లోకి వచ్చిన కూలోళ్ళనా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"లారీ కింద పడినోడా?"

నేను నోరు తెరిచాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు. నువ్వు చెప్పలేదు, నేను ఇనలేదు. పోలీసోళ్ళు వచ్చి తవ్వితే గుడి పేరు పోతాది. ఎవురన్నా అడిగితే నాకు తెల్దంటా." మొహమంతా చెమట. అతనికీ టిప్పర్లు ఉన్నాయి తల్లీ. ఈ మధ్య రోడ్ల మీద ఏమేమి జరుగుతున్నదో అతనికి నాకన్నా బాగా తెలుసు. ఎవరి లారీ కిందనో పోయిన దిక్కులేని కూలీని నేను దయ తలచి పూడ్చనిచ్చానని అనుకున్నాడు. కారెక్కి పోయాడు.

అప్పటి నుంచి డ్రైవర్లు పొద్దున్నే దిబ్బ దగ్గర ఊదుబత్తి వెలిగించి పోతున్నారు. ఒకడు బంతిపూలు పెట్టాడు. నీ కుర్చీకి ఊదుబత్తి. నాకు తల ఎత్తుకోలేకుండా ఉంది.

నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. కానీ నిజం చెప్పాలనుకున్నవాడు ఇన్ని దినాలు ఊరకుండడు.

తొలకరి పడింది. బీటలు మూసుకుంటున్నాయి. తొండ ఎటో పోయింది.

కృపానిధి


బెంగళూరు,
జూన్ 2007.

పెదనాయనా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. నా కుర్చీని శవం చేశావు.

నేను కోపంతోనే రాస్తున్నాను, కోపంగానే చదువు. పెద్దమ్మ సమాధి మీద నాకు ప్రేమ లేదనుకోకు. సెలవులకు వస్తే నా తల దువ్వింది ఆమే. కానీ నువ్వు పట్టుకున్నది ఎంత పెద్ద నిప్పో నీకు తెలుస్తోందా? చనిపోయిన మనిషిని గుట్టుగా పూడ్చాడని ఎవరైనా స్టేషన్‌లో చెబితే నిన్ను తీసుకుపోతారు. వాళ్ళ ముందు కూడా నువ్వు తువ్వాలు పట్టుకుని నిలబడతావు.

ఇంకొకటి. ఆ గనుల్లో నిజంగానే కనబడకుండా పోయినవాళ్ళు ఉంటారు. వాళ్ళ ఇంట్లోవాళ్ళ చెవిన ఈ మాట పడితే? అది ఆలోచించావా?

వచ్చే సోమవారం నెట్టికంటప్ప వస్తాడు, అతనితో మాట్లాడాను. వాన సరిగ్గా తినకపోయినా ఫరవాలేదు. వచ్చిన ఆకారం వచ్చింది. తవ్వి తీసి గోనెలు చుట్టి లారీ ఆఫీసులో వేస్తాడు. నువ్వు తాళం తీస్తే చాలు, మాట్లాడనక్కర్లేదు.

తీయనివ్వకపోతే స్టీవెన్ అన్నకు నేనే ఫోన్ చేసి అది కుర్చీ అని చెప్పేస్తాను. నన్ను ఆ పని చేయనివ్వొద్దు.

షాలిని


కప్పగల్లు,
జూలై 2007.

అమ్మా షాలినీ,

నెట్టికంటప్ప వచ్చాడు. గడ్డపార తెచ్చాడు. నేను తాళం తీయలేదు. గేటు ఇవతల ఇద్దరం కూర్చున్నాం. అతను బీడీ కాల్చి, "ఏంది అన్నా, కుర్చీని కాపలా కాస్తాండావా, వదినను కాపలా కాస్తాండావా?" అన్నాడు. నేను తాళంచెవి నడుముకు దోపుకున్నాను. "ఆ పాపకు ఏం చెప్పల్ల నేను?" అన్నాడు. పోయాడు. పోతూ, "నీతో మాట్లాడేదానికి ఆ దిబ్బతో మాట్లాడేది మేలు" అన్నాడు.

నువ్వు ఫోన్ చేస్తానన్నావు. చేస్తే చేయి. తప్పు నీది కాదు.

నువ్వు రాసిన ఇంకో మాట నిజమైంది.

శుక్రవారం నాడు ఒక ఆడమనిషి వచ్చింది. కొట్రమ్మ అట. కురుగోడు దగ్గర ఊరు. మొగుడు గనుల్లో లోడింగు పనికి పోయి శివరాత్రి నుంచి ఇంటికి రాలేదు. మేస్త్రీని అడిగితే ఇంకో గనికి పోయాడన్నాడట, ఆ గనిలో అడిగితే రాలేదన్నారట. డ్రైవర్ల నోట ఈ దిబ్బ సంగతి విని రెండు బస్సులు మారి వచ్చింది. నన్ను ఏమీ అడగకుండా దిబ్బ దగ్గర కూర్చుని మట్టి మీద చెయ్యి పెట్టింది. ఏడవలేదు. చాలాసేపటికి తల ఎత్తి, "తాతా, నువ్వేనంట పూడ్చింది. కుడికాలికి ఆరో ఏలు ఉండెనా?" అంది.

నాకు నోరు రాలేదు. ఇన్నేళ్ళలో నా నోటి మీద నాకు కోపం వచ్చింది అప్పుడే.

ఆమె నా మొహం చూసింది. "మళ్ళా శుక్రవారం వస్తా. గుర్తు చేసుకోని పెట్టు" అని పోయింది.

ఏం చేయమంటావో రాయి.

కృపానిధి


బెంగళూరు,
జూలై 2007.

పెదనాయనా,

ఇది శుక్రవారం లోపల నీకు చేరాలని స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

స్టీవెన్ అన్నకు ఫోన్ చేశాను. అతను హలో అన్నాడు. నేను పెట్టేశాను. ఎందుకు పెట్టేశానో నాకే తెలియలేదు. తర్వాత గుంతకల్లుకు, నాన్నకు చేశాను. నీ మీద చాడీలు చెబుదామనే చేశాను. నాన్న మొత్తం విన్నాడు. తర్వాత, "ఆ చోటు ఎవరిదో నీకు తెలుసా పాపా?" అన్నాడు.

నాకు తెలియదు పెదనాయనా. మన సంఘంలో భార్య పోతే పక్క చోటు భర్తకు వదిలి గుర్తు రాయి నాటుతారని నాకెవరూ చెప్పలేదు. ఆ రాయి పీకి పక్కన పెట్టి, "ఇక్కడ తవ్వుదాం" అన్నావు. నేను తోలు పట్టీలు సరిచూసుకుంటూ, సరే అన్నాను. ఎందుకు అక్కడే అని ఉత్తరంలో అడిగితే జవాబు కూడా రాయలేదు. ఒకసారి తవ్విన చోటును మళ్ళీ ఇవ్వాలా వద్దా అనేది పెద్దల ఇష్టమట కదా. నా కుర్చీ కోసం నీ చోటు ఇచ్చేశావు.

కుర్చీని ఎత్తొద్దు. సార్‌తో మాట్లాడాను. కుర్చీ నేలలోనే ఉంది, పరీక్షకు రాదు అన్నాను. "అయితే పరీక్షకు ఏం వస్తుంది?" అన్నారు. తెలియదన్నాను. పోతే పోనీ.

కానీ కొట్రమ్మకు నిజం చెప్పు. ఆమె ఒక్కదానికే చెప్పు. ఎంత కష్టమైనా నోటితో చెప్పు.

షాలిని


కప్పగల్లు,
జూలై ఆఖరు, 2007.

అమ్మా షాలినీ,

నీ ఉత్తరం శుక్రవారం పొద్దున అందింది. ఎత్తొద్దన్నావు. ఎత్తేశాను. ఎట్లా జరిగిందో రాస్తాను.

నువ్వు చెప్పినట్టే కొట్రమ్మకు నోటితో చెప్పాను. గేటు దగ్గరే చెప్పాను. "ఇక్కడ మనిషి లేడమ్మా. కుర్చీ ఉంది. నా తమ్ముని కూతురు నేల చేత చేయిస్తున్నది" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"అందురూ ఇట్లనే చెప్తాండారు తాతా. మేస్త్రీ ఒకటి చెప్పె, గనిలో ఒకటి చెప్పిరి. నువ్వు కుర్చీ అంటాండావు. నాకు పిచ్చి పట్టిందనుకున్యావా?"

చెప్పిన మాటనే మళ్ళీ చెబితే నమ్మేటట్టు లేదు. నేను పోయి పార తెచ్చాను.

వారమంతా వాన. నేల ఉబ్బి దిబ్బ మోకాలెత్తు లేచి ఉంది. బండ పూర్తిగా ఒరిగిపోయింది. పైమట్టి తీస్తే చాలు, నేలే తోసి సగం పైకి తెచ్చి పెట్టింది. మొదట వీపు బద్దలు కనబడ్డాయి. నల్లగా, తడిగా, పక్కటెముకల మాదిరి. కొట్రమ్మ, "అయ్యో" అని కళ్ళు మూసుకుంది. "కళ్ళు తెరువమ్మా, కట్టె అది" అన్నాను. ఆమే వచ్చి వేలితో గీకి చూసింది. తర్వాత తనే గుంటలోకి దిగి నాతో కలిసి లాగింది. అడుగు దాకా చేతులతో తడిమింది. ఏమీ లేదు.

"ఈడ లేడు" అంది. చేతుల మట్టి దులుపుకుని మళ్ళీ, "ఈడ లేడు. అయితే యాడనో ఉండాడు" అంది. నుదుటి బొట్టుకు మట్టి అంటింది, కొంగుతో తుడుచుకుని సరిచేసుకుంది. వంకలో నుంచి నీళ్ళు తెచ్చి కుర్చీ కడిగింది. నేను అడగలేదు.

నీ కుర్చీ ఎట్లా ఉందంటే, ఎడమకు ఒరిగింది. మీ పెద్దమ్మ వైపు. ఆ పక్క ఒకప్పుడు తవ్విన నేల గదా, మెత్తగా ఉండి అటు జారి ఉంటుంది. వీపు బద్దలు ఒక్కొక్కటీ ఒక్కో వంపు. కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులు. తోలు రాయి మాదిరి బిగిసింది. చూస్తే కూర్చోబుద్ధి కాదు. గుంట పూడ్చి దాన్ని అక్కడే నిలబెట్టాం. కొట్రమ్మ, "కూచో తాతా, ఇంత చేసినాక" అంది. కూర్చున్నాను. విరగలేదు. కుడిచెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు గానీ, నడుముకు హాయిగానే ఉంది.

అప్పటికే డ్రైవర్లు చూసేశారు. ఊదుబత్తులు వెలిగించినవాళ్ళే. ఒకడు నవ్వాడు, ఒకడు తిట్టాడు. సాయంత్రానికి అందరికీ తెలిసింది. బస్సు దాటిపోయి కొట్రమ్మ ఆ రాత్రి గుడి వరండాలో పడుకుంది. మరుసటి పొద్దున జేసీబీ వచ్చింది. దాని వెనక జగదీశ్, అతని వెనక స్టీవెన్. నేను గంట కొట్టి వచ్చి కుర్చీలో కూర్చుని ఉన్నాను. వాళ్ళను చూసి లేవబోయి, మళ్ళీ వీపు ఆనించాను. అట్లనే కూర్చుండిపోయాను.

జగదీశ్, "కట్టెలు పూడ్చి మమ్మల్ని ఏమారిస్తివా పెద్దాయనా? చెప్పులు గూడా ఇడిస్తి గదప్పా నేను" అన్నాడు.

"తప్పే అప్పా. అడిగిన దినమే చెప్పల్ల" అన్నాను.

స్టీవెన్‌కు లోపల మనిషి లేడని తెలిసి ప్రాణం లేచి వచ్చినట్టుంది, నవ్వుతున్నాడు. "సాకు మామా, ఇంక చాలు, లెయ్యి. గుడికి పైకప్పు రావద్దా?"

"గోడ రెండుగా ఉంటే పైకప్పు దేని మీద పెడతావు స్టీవెనూ?" అన్నాను. ఇంత మాట నా నోట ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. కొట్రమ్మ నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

జగదీశ్ జేసీబీ ఆపించాడు. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "చూడప్పా, సమాధి అనుకుంటిమి, ఆగితిమి. ఇప్పుడు జాగా ఖాళీ గదా" అన్నాడు.

"ఖాళీ కాదప్పా. నేనుండా."

"ఎన్ని దినాలు కూచుంటావు?"

"ఇది నేను కూచునే జాగా కాదప్పా, పండుకునే జాగా. అంతదంక కూచుంటా."

అతను మీ పెద్దమ్మ రాయి చూశాడు, నా కుర్చీ చూశాడు. పీకి పక్కన పెట్టిన గుర్తు రాయిని కాలితో కదిపాడు. దాని మీద నా పేరు ఉంది. చదివాడు. "బతికినోడిని ఎట్ల దాటల్లప్పా" అని తనలో తను అనుకుని, జేసీబీ డ్రైవరుకు చెయ్యి ఊపాడు. స్టీవెన్ ఏదో చెప్పబోతే వినలేదు.

ఆ తర్వాత మళ్ళీ జేసీబీ రాలేదు. నిన్న వాళ్ళ చేని గట్టు వెంట సున్నం గీత కనబడింది. అది దారికో, ఇంకో కుప్పకో నాకు తెలియదు. అందుకని నేను లేవలేదు. పొద్దున గంట కొట్టి వస్తాను, చీకటి పడితే ఇంటికి పోతాను. ఎండకు తువ్వాలు, వానకు గొడుగు. కొట్రమ్మ మొగుని వెతకడానికి బళ్ళారికి వచ్చినప్పుడల్లా ఇక్కడ ఒక పూట ఆగి పోతున్నది. స్టేషన్‌లో ఫిర్యాదు రాయించడానికి వచ్చే వారం నన్ను తోడు రమ్మంది. నాకు మాట రాదని చెప్పాను. "నువ్వు ఊరికే నిలబడు తాతా, అది నీకు బాగా వస్తాది" అంది. పోతాను.

కుర్చీ నీది. పరీక్షకు ఇంకా పది దినాలు ఉన్నాయనుకుంటాను. వచ్చి తీసుకుపో. మనిషి కూర్చుని లేస్తే చాలన్నావు కదా, నేను రోజూ కూర్చుని లేస్తున్నాను, చప్పుడు కూడా చేయలేదు. నువ్వు దాన్ని తీసుకుపోయాక ఇంటి నుంచి ముక్కాలిపీట తెచ్చుకుని కూర్చుంటాను. నాకు ఏదైనా ఒకటే. నా చోటు సంగతి నువ్వు మనసులో పెట్టుకోవద్దు. పెద్దలు ఇస్తే ఇస్తారు, లేకపోతే ముందు కూర్చున్నవాడిని లేపడం వాళ్ళకూ కష్టమే.

నిన్ను పిలుచుకు రావడానికి నేను బస్సు దగ్గరికి రావాలి. ఆ పూట నా బదులు కొట్రమ్మ కూర్చుంటానంది. ఆమెకు ముందుగా చెప్పి పెట్టాలి గదా. ఏ దినం, ఏ బస్సుకు వస్తావో తొందరగా రాయి తల్లీ.

నీ పెదనాయన,
కృపానిధి